ప్రతినిధి చెయ్యి

మా ఆసుపత్రిలో చేతుల విభాగం పెట్టి ఆరేళ్లయింది. అందులో పనిచేసే ఏకైక మనిషిని నేనే, పేరు సత్యవేణి. తెగిన వేళ్లకీ విరిగిన మణికట్టుకీ డాక్టర్లు కుట్లేసి, కట్టు కట్టి, ఇక మాకు సంబంధం లేదన్నట్టు పంపించేస్తారు. ఆ చేత్తో మనిషి మళ్లీ అన్నం కలుపుకునేదాకా, జాకెట్టు హుక్కు పెట్టుకునేదాకా, తలుపు తాళం తిప్పుకునేదాకా దాన్ని బుజ్జగించి, బెదిరించి, వంచి దారికి తెచ్చే ఉద్యోగం నాది. ఈ ముక్క మా సూపరింటెండెంటు గారికి ఆరేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఆయన మొన్నీమధ్య కూడా, "మీ దగ్గర గోళ్లు తీస్తారామ్మా, మా ఆవిడ అడగమంది" అన్నారు.

అలాంటి విభాగానికి ఒక సోమవారం వేలిముద్రల మిషను వచ్చింది. దాంతోపాటు గోడకి ఒక కెమెరా, మిషను దగ్గర కూర్చోడానికి భాస్కరం గారు వచ్చారు. భాస్కరం గారికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది. ఈ రెండేళ్లూ ఏ సంతకం పెట్టకుండా గడిపేస్తే గండం గట్టెక్కినట్టే అని ఆయన నమ్మకం.

ఇదంతా ఎందుకంటే, ఎక్కడో ఏదో జిల్లాలో ఒక రోగికి మూడు చేతులకి చికిత్స జరిగినట్టు రికార్డుల్లో తేలిందట. ఆ మూడో చెయ్యి ఎవరిదో కనుక్కోడానికి కమిటీ వేశారు. కమిటీకి చెయ్యి దొరకలేదు కానీ సర్క్యులర్ దొరికింది. అందులో ఇలా ఉంది: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఏ చేతికి చికిత్స జరుగవలసియున్నదో సదరు చేతి యొక్క బొటనవేలి ముద్ర నమోదు కానిదే సదరు చేతికి చికిత్స ప్రారంభించరాదు. ఒక చేతికి బదులు మరొక చేతి ముద్ర వేయించుట దుర్వినియోగముగా పరిగణింపబడును."

సర్క్యులర్ పట్టుకుని సూపరింటెండెంటు గారి గదిలోకి వెళ్లాను.

"సార్, చెయ్యి బాగోలేకే కదండీ నా దగ్గరికొస్తారు. బాగోలేని చేత్తో ముద్ర ఎలా వేస్తారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బాగా ఆలోచించే నిర్ణయం తీసుకున్నారమ్మా పైన. వేళ్లకి సంబంధించిన విభాగం ఇక్కడ మీదొక్కటే కదా. వేలిముద్రల మిషను మీ దగ్గర కాకపోతే కంటి విభాగంలో పెట్టమంటావా?"

సర్క్యులర్ మడత పెట్టుకుని నా విభాగానికి వచ్చేశాను.

మూడో రోజు నూకరత్నం వచ్చింది. మార్కెట్టులో పనసపొట్టు కొట్టే నూకరత్నమంటే మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఎడమ చేత్తో పనసకాయని తిప్పుతూ, కుడిచేత్తో కత్తి ఆడిస్తే పొట్టు బియ్యపు నూకలా రాలుతుంది. మాఘమాసం ముహూర్తాలకి ఆవిడ ఖాళీ చూసుకుని పెళ్లిళ్లు పెట్టుకునే ఇళ్లున్నాయి. కార్తీకమాసం వనభోజనాల హడావుడిలో కంద చెక్కుతుంటే కత్తి జారింది. ఎడమ చేతిలో రెండు వేళ్లని ముడిచే నరాలు తెగాయి. బొటనవేలి కొస మీద అడ్డంగా తెగి ఎనిమిది కుట్లు పడ్డాయి. ఆపరేషనై నాలుగు రోజులైంది.

తెగిన నరం అతికించాక దానికి రెండు గండాలు. ఎక్కువ కదిలిస్తే పుటుక్కుమంటుంది. అసలు కదిలించకపోతే చుట్టూ ఉన్న కండకి అతుక్కుపోయి, వేలు జన్మలో మళ్లీ ముడుచుకోదు. ఆ మధ్య దారిలో నడిపించడమే నా విద్య. అది మొదలుపెట్టాల్సింది ఆ వారంలోనే. వచ్చే వారమంటే ఆలస్యం. ఈ మాట నూకరత్నానికీ, పక్కనే నిలబడ్డ ఆవిడ మొగుడు అబ్బులుకీ చెప్పాను. అబ్బులు ఆటో నడుపుతాడు.

"అంటే మాఘమాసానికి పొట్టు కొట్టగలనాండి?" అంది నూకరత్నం.

"ఈ రోజు మొదలుపెడితే కొట్టగలవు."

"మరి మొదలెట్టండి, ఆలోసిత్తారేంటి?"

భాస్కరం గారు గొంతు సవరించుకున్నారు. "ముందు ముద్ర."

నూకరత్నం కట్టుతో సహా చెయ్యి మిషను మీద పెట్టింది. మిషను ఎర్రగా వెలిగి, వేలు కనబడుట లేదు అంది.

"కట్టు విప్పమనండి" అన్నారు భాస్కరం గారు.

"విప్పితే కట్టుతోపాటు కుట్లూ వస్తాయండి."

"అయితే వేలు లేదని ధ్రువపత్రం తెమ్మనండి. వేలు లేనివాళ్లకి మినహాయింపు ఉంది."

"వేలుంది కదండీ."

"ఉంటే ముద్ర వెయ్యాలి. లేకపోతే పత్రం తేవాలి. ఉండి కూడా వెయ్యలేనివాళ్లకి సిస్టంలో గడి లేదమ్మా." భాస్కరం గారు పాపం నిజంగానే బాధపడుతూ అన్నారు. "నేనేం చెయ్యను, సిస్టం ఒప్పుకోవడం లేదు."

ఇదంతా చూస్తున్న అబ్బులుకి తన పెళ్లానికి మిషను వాడటం చేతకాలేదని అనిపించింది. ఆటోవాళ్లకి ప్రపంచంలో ఏ యంత్రమైనా తమ చెయ్యి పడితే కదులుతుందని ఒక ధీమా ఉంటుంది. "అలాక్కాదే రత్నం, నొక్కి పట్టాల" అంటూ ఎడమ బొటనవేలు అద్దం మీద అదిమి చూపించాడు.

మిషను పచ్చగా వెలిగి, నూకరత్నం పేరుండాల్సిన చోట అతని పేరు ఎక్కించేసింది. గూడపాటి అబ్బులు, మగ, నలభై ఆరు, ఎడమ చెయ్యి, రెండు వేళ్ల నరాల శస్త్రచికిత్స అనంతర సేవలు, ఎనభై నాలుగు రోజులు. చీటీ కూడా బయటికొచ్చింది.

"తీసెయ్యండి దాన్ని" అన్నాను.

"ఎక్కించడమే నా చేతిలో ఉంది. తియ్యడం రాజధానిలో ఉంది" అన్నారు భాస్కరం గారు.

నేను ఆ చీటీ అందుకుని చదివాను. ఒక ఎడమ చేతికి చికిత్స చెయ్యమని ప్రభుత్వం నాకు రాసిచ్చింది. ఆ చేతి తాలూకు సహాయకురాలిగా నూకరత్నం రోజూ లోపలికి రావచ్చు, స్టూలు మీద కూర్చోవచ్చు. ఇంకేం కావాలి నాకు? ఇద్దరినీ లోపలికి రమ్మన్నాను.

ఒక ముద్రకి ఒకటే స్ప్లింటు. స్ప్లింటంటే చెయ్యి కదలాల్సిన మేర కదిలేలా, కదలకూడని వైపు కదలకుండా పట్టి ఉంచే గట్టి తొడుగు. నియమం ప్రకారం దాన్ని అబ్బులు చేతికే వెయ్యాలి. దానికి నంబరుంటుంది. ఆ నంబరు కనబడేలా రోజుకి రెండు పూటలా ఇంటి నుంచి ఫోటో తీసి పంపాలి. ఒక్క ఫోటో తప్పినా చికిత్స రద్దు. సరే, ప్రభుత్వం వారి స్ప్లింటు బంగారంలాంటి అబ్బులు చేతికి తొడిగాను. నూకరత్నానికి మాత్రం, వాళ్లింట్లో కుళాయి పని చేయించగా మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్క తెప్పించి, పొయ్యి మీద వేడిచేసి, ఆవిడ చేతికి సరిగ్గా అమరేలా వంచాను. మెత్తదనానికి లోపల పాత చీర ముక్క వేశాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి స్ప్లింటుల్లో అదొకటి.

ఆ రోజు నుంచి అబ్బులు కెమెరా ముందు కూర్చునేవాడు. నూకరత్నం కెమెరాకి అందని మూల స్టూలు మీద కూర్చునేది.

"అబ్బులూ, చూపుడువేలు మెల్లిగా ముడువు" అని నేనంటే మూలన నూకరత్నం ముడిచేది.

"నొప్పిగా ఉందా అబ్బులూ?"

"పర్లేదండి" అని నూకరత్నం అనేది. అబ్బులు పెదాలు కదిపేవాడు.

ఆటోకి టార్పాలిన్ కప్పేశాడు. ఆటోకి క్లచ్చూ గేరూ ఎడమ చేతిలోనే ఉంటాయి. ఆ చెయ్యి ప్రభుత్వం దగ్గరుంది. మొదటి వారం అతనికి సరదాగానే ఉంది. పెళ్లాం చెయ్యి పైపులోనూ తన చెయ్యి తొడుగులోనూ ఉండేసరికి, ఇద్దరూ చెరొక కుడిచెయ్యి వేసి ఒకే ఉల్లిపాయ తరుక్కునేవారట.

"రాత్రిపూట తీసి పక్కన పెట్టు. వేళ్లు బాగా ఆడించు. నీకేం జబ్బు లేదు" అని చెప్పాను.

"ఆయ్" అన్నాడు.

మూడో వారంలో సూపరింటెండెంటు గారు తనిఖీకొచ్చారు. కుర్చీలో ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్రభుత్వ స్ప్లింటు, మూలన కుట్లున్న మనిషికి కుళాయి పైపు చూశారు. అయిపోయింది నా పని అనుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన రిజిస్టరు తిప్పారు. చేతి పట్టు కొలిచే మిషనొకటి ఉంటుంది, పిడికిట్లో నొక్కితే కిలోల్లో చూపిస్తుంది. అబ్బులు మొదటి రోజు పట్టు ముప్పై ఎనిమిది.

"రాష్ట్ర సగటు ఎంతమ్మా?"

"ఆపరేషనైన వాళ్లకి అసలు తియ్యకూడదండి. కాస్త కోలుకున్నాక తీస్తే ఆరో ఏడో ఉంటుంది."

"మనకి మొదటి రోజే ముప్పై ఎనిమిది." ఆయన రిజిస్టరు మూశారు. మొహంలో ఒక వెలుగొచ్చింది. "దీన్ని తప్పనకూడదమ్మా. నవకల్పన అనాలి."

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "స్వహస్తముతో ముద్ర వేయజాలని రోగుల తరఫున, రోగి సమ్మతితో, ఆరోగ్యవంతుడగు కుటుంబసభ్యుడు లేదా శ్రేయోభిలాషి తన హస్తమును ప్రతినిధి హస్తముగా నమోదు చేయించవచ్చును. చికిత్స యావత్తు ప్రతినిధి హస్తమునకే జరుగవలెను. రోగి గమనించి లబ్ధి పొందవలెను."

ఇక చూడండి. నెల తిరిగేసరికి మా హాల్లో కుర్చీలన్నీ గట్టివాళ్లవి, బల్లలన్నీ చేతులు విరిగినవాళ్లవి. ఒకావిడ అల్లుడి మోచెయ్యి కోసం తన మోచెయ్యి ఇచ్చింది. ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ వండిన చేతికి ప్రభుత్వ ఉత్తర్వుతో విశ్రాంతి దొరికింది కనక అల్లుడికి నయమైనా ఇంకో నెల పొడిగించమంది. మణికట్టు విరిగిన ఒక కానిస్టేబులు లాకప్పులో ఉన్నవాణ్ణి తెచ్చి ముద్ర వేయించాడు. స్ప్లింటు వేశాక ఆ చేతికి బేడీ పట్టలేదు. వాడు మా నియమాలు తు.చ. తప్పకుండా పాటించాడు. నేను గట్టివాళ్ల మొహాలు చూస్తూ పాఠం చెప్పడం, తలతిప్పి దెబ్బలవాళ్ల చేతులు సవరించడంతో మెడ పట్టేసింది. మెడ మా విభాగం కాదు.

నూకరత్నానికి ఆరు వారాలకి పైపు తీసేశాను. ఎనిమిదో వారానికి పిండి ముద్ద పిసికింది. పదో వారానికి బీరకాయ కోసింది. అబ్బులుకి మాత్రం సిస్టం లెక్కన ఎనభై నాలుగు రోజులూ నిండాలి. మధ్యలో అతని చెయ్యి నేనొకసారైనా విప్పి చూడాల్సింది. నలభై మంది రోగులు, నలభై మంది ప్రతినిధులు ఉన్నారు, తీరిక లేదు అనుకున్నాను. అది నా తప్పే.

ఎనభై నాలుగో రోజున జాయింట్ డైరెక్టర్ గారు వచ్చారు. రాష్ట్రంలో చేతిపట్టు సగటులో మా ఆసుపత్రిదే మొదటి స్థానం. హాలుకి రంగు కాగితాలు కట్టారు. శాలువా, జ్ఞాపిక సిద్ధం. తొలి ప్రతినిధి హస్తాన్ని వేదిక మీద విప్పి, పట్టు కొలిచి, నయమైనట్టు ప్రకటించాలని కార్యక్రమం. అబ్బులు ఇస్త్రీ చొక్కాతో వచ్చి కూర్చున్నాడు.

స్ప్లింటు విప్పాను. చెయ్యి అప్పడాల కర్రలా ఉంది. మణికట్టు వంగిన చోటే ఆగిపోయింది, వేళ్లు అంగుళం మించి కదలవు. పట్టు మిషను చేతిలో పెడితే నాలుగు చూపించింది.

అబ్బులు కుడిచేత్తో ఆ వేళ్లని వంచి చూశాడు.

"ముడుసుకోట్లేదండి అమ్మగారూ" అన్నాడు అబ్బులు. నవ్వబోయాడు గానీ కుదరలేదు.

"రాత్రిళ్లు తియ్యమన్నాను కదయ్యా."

"తీత్తే మళ్లీ సరిగ్గా ఎక్కుద్దో లేదోనండి. ఫోటోలో తేడా వత్తే రత్నానికి వైద్యం ఆపేత్తారంట కదండీ. తానానికి కూడా తియ్యలేదండి."

నాకు సిగ్గేసింది. ఆ మనిషి పెళ్లాం వేళ్ల కోసం తన చెయ్యి తాకట్టు పెట్టాడు, నేను రోజూ అతని మొహం చూస్తూ పాఠం చెప్పాను.

జాయింట్ డైరెక్టర్ గారు కాగితం చూసుకున్నారు. "ముప్పై ఎనిమిది నుంచి నాలుగు. అనగా, సేవల అనంతరం హస్తము క్షీణించినట్టు అర్థమవుతున్నది."

సూపరింటెండెంటు గారు నా వైపు చూశారు. ఆయన జీవితంలో మొదటిసారి నా ఉద్యోగమేంటో ఆయనకి అర్థమైందనిపించింది, నింద వెయ్యడానికి.

అప్పుడు నూకరత్నం స్టూలు మీంచి లేచింది. వేదికెక్కి పట్టు మిషను లాక్కుని ఎడమ చేత్తో నొక్కింది. ఇరవై ఒకటి.

"ఇదిగోండి బాబూ. బాగుపడింది నా సెయ్యి. పాడైంది మా ఆయన సెయ్యి. మీ కాయితాల్లో ఏం రాసుకుంటారో రాసుకోండి గానీ, ముందు ఆయన సంగతి సూడండి."

జాయింట్ డైరెక్టర్ గారు మిషనులో అంకె చూశారు. "ఈ ఇరవై ఒకటి ఎవరి ఖాతాలోది?"

"సహాయకురాలిదండి. సహాయకుల పట్టుకి గడి లేదండి" అన్నారు భాస్కరం గారు.

పెద్దవాళ్లిద్దరూ పక్కకెళ్లి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక జాయింట్ డైరెక్టర్ గారు మైకు పుచ్చుకున్నారు. "ప్రాతినిధ్యం అన్నాక అది రెండు వైపులా ఉండాలి. ప్రారంభంలో రోగి పట్టు, సున్నా. ముగింపులో రోగి పట్టు, ఇరవై ఒకటి. నమోదైన పేరు, గూడపాటి అబ్బులు. అబ్బులు గారి ఎడమ చెయ్యి సంపూర్ణంగా నయమైనదని ప్రకటించుటకు సంతోషిస్తున్నాను."

చప్పట్లు కొట్టారు. అంటే, కొట్టగలిగినవాళ్లు కొట్టారు. అబ్బులుకి శాలువా కప్పి, నయమైనట్టు ధ్రువపత్రం ఇచ్చారు. దాన్ని కుడిచేత్తో పట్టుకుని ఫోటోకి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్లాం వచ్చారు. అబ్బులు మిషను మీద ఎడమ బొటనవేలు పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగింది. ఈ చెయ్యి నయమైనది అని రాసింది.

"నయమైన చేతికి వైద్యం చెయ్యకూడదమ్మా, దుర్వినియోగం" అన్నారు భాస్కరం గారు.

"అయితే నా యేలు తీస్కోండి. ఈయన నాకిచ్చాడు, నేనీయనకిత్తాను" అంటూ నూకరత్నం తన బొటనవేలు పెట్టింది. మళ్లీ ఎరుపే. ఎనిమిది కుట్లు మానిన చోట గీతలన్నీ చెదిరిపోయాయి. ఆ వేలు ఎవరిదో మిషనుకి తెలియలేదు.

"క్లచ్చు పట్టలేకపోతే ఇంక ఆటో అమ్ముకోటమేనండి" అన్నాడు అబ్బులు నెమ్మదిగా. అతను ఫిర్యాదు చెయ్యడం లేదు, ఊరికే చెబుతున్నాడు. నాకు అదే భరించడం కష్టమైంది.

నేను నా ఎడమ బొటనవేలు మిషను మీద పెట్టి అదిమాను. పచ్చగా వెలిగింది.

భాస్కరం గారు తల పట్టుకున్నారు. "ఎంత పని చేశావమ్మా."

ఆయన బాధ నాకు సాయంత్రానికి అర్థమైంది. చేతికి చికిత్స పొందుతున్న ఉద్యోగి ఇతరుల చేతులకి చికిత్స చెయ్యరాదట. నాకు సెలవు ఉత్తర్వు వచ్చింది. తిరిగి విధుల్లో చేరాలంటే, నా చెయ్యి నయమైందని చేతుల విభాగం బాధ్యురాలు ధ్రువపత్రం ఇవ్వాలి. చేతుల విభాగం బాధ్యురాలు సెలవులో ఉంది.

విభాగం ఇప్పుడు దివ్యంగా నడుస్తోందని వినికిడి. తాళం వేసి ఉంది. ఫిర్యాదులు లేవు, నియమోల్లంఘన లేదు. ఈ త్రైమాసికంలో మళ్లీ మొదటి స్థానమే.

నేను మార్కెట్టులో ఉంటున్నాను. నూకరత్నం కొట్టు పక్కన ఒక నూనె డబ్బా తిరగేసి వేసింది, నాకదే కుర్చీ. పొద్దున్న వేణ్ణీళ్ల గిన్నె, ఒక డబ్బా నిండా బియ్యం, నాలుగు పైపు ముక్కలు, ఇదే నా సరంజామా. బియ్యంలో చెయ్యి దూర్చి పిసకమంటాను, బట్టల క్లిప్పులు పెట్టి తియ్యమంటాను. దెబ్బ తగిలిన చెయ్యి ఎవరిదైతే వాళ్లకే చేస్తున్నాను. అలవాటు తప్పిన పని కనక మొదట్లో కాస్త ఇబ్బందైంది. పక్కన నూకరత్నం కత్తి టకటకా ఆడుతుంటుంది. మాఘమాసం ముహూర్తాలు దాటకుండా అందుకుంది. ఒక్కోసారి పొట్టు వచ్చి నా బియ్యం డబ్బాలో పడుతుంది.

అబ్బులు రోజూ మొదట వచ్చి చివర్న వెళ్తాడు. మణికట్టు వచ్చింది. వేళ్లు సగం దాకా వచ్చాయి. పిడికిలి మాత్రం మొన్నటిదాకా బిగియలేదు, అరచేతికి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయేది. మూడు వారాలు అక్కడే ఉంది. టార్పాలిన్ ఇంకా తియ్యలేదు.

నిన్న భాస్కరం గారు వచ్చారు. సంచిలోంచి ఒక కవరు తీసి ఇచ్చారు. ఇచ్చాక వెళ్లకుండా నిలబడి, "ఆ మిషను దగ్గర కూర్చునీ కూర్చునీ ఈ మణికట్టు పీకేస్తోందమ్మా, ఒకసారి చూస్తావా" అన్నారు.

"వరసలో కూర్చోండి" అన్నాను. కూరగాయల బుట్టలు జరుపుకుని కూర్చున్నారు.

కవరులో మెమో ఉంది. "మీరు సెలవులో ఉండి కూడా అనధికారికముగా, ఆరుబయట, ముద్రలు లేకుండా చేతులను నయము చేయుచున్నట్లు తెలియవచ్చినది. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. ఈ మెమో ముట్టినట్లు, చికిత్సలో ఉన్న మీ ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేసి పంపవలెను." మందపాటి కాగితం, మంచి సర్కారు కాగితం.

చేతులు బిగుసుకున్నవాళ్లకి నేను చెప్పే పనుల్లో ఒకటుంది. కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఒక్క చేత్తోనే, వేళ్లతో కొంచెం కొంచెం లాక్కుంటూ ఉండ చెయ్యాలి. పాత పేపరుతో చేయించేదాన్ని. అది మరీ మెత్తన.

మెమోని అబ్బులు ముందు పరిచాను. "ఎడమ చేత్తో నలుపు."

"గవర్నమెంటు కాయితం కదండీ."

"అందుకే."

నూకరత్నం కత్తి ఆపింది. అబ్బులు వేళ్లు కాగితం అంచు మీదికి వెళ్లాయి. ఒక మూల లోపలికొచ్చింది. సంజాయిషీ వచ్చింది, ఏడు దినములు వచ్చాయి. నుదుటి మీద చెమట పట్టింది. ముద్ర, సంతకం, హోదా, అన్నీ ఒకదాని మీదొకటి వచ్చి అరచేతిలో చేరాయి. కాగితం కరకరలాడింది. అతని వేళ్లు దాని చుట్టూ చివరిదాకా ముడుచుకుని, గోళ్లు అరచేతికి తగిలాయి.

అబ్బులు ఆ పిడికిలి వంక చూసుకున్నాడు. తర్వాత విప్పి, మళ్లీ మూశాడు.

"అమ్మగారండి, ఇలాటియి ఇంకా వత్తాయాండి?" అన్నాడు.

"వారానికి రెండు పంపిస్తారు" అన్నారు భాస్కరం గారు, వరసలోంచి.